పాత జీపుకు పరీక్ష పెట్టేదెవరు?

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, చివ్వెంల)

పరీక్షలు మనకేనా, బండ్లకు ఉండవా? ఏడాది పొడుగునా చదివిన చదువును మూడు గంటల్లో తేల్చేసి, నాలుగు మార్కులు తగ్గితే మళ్ళీ రాయమని పంపించే లోకం ఇది. అదే లోకంలో ఒకడు ముప్పై ఏళ్ళనాటి జీపు కొని, దాని ఇంజను పీకి ఇంకో ఇంజను కూర్చోబెట్టి, చాసిస్ కోసి వెల్డింగు పెట్టి, కింద పెద్ద టైర్లు వేసి, నలుగురు స్నేహితుల్ని ఎక్కించుకుని గుట్టెక్కిస్తున్నాడు. ఆ బండి గుట్ట దిగేటప్పుడు ఆగుతుందా అని అడిగినవాడు లేడు. ఆపి అడిగితే పోలీసాయన అడుగుతాడు. ఆయన అడిగేది కాగితాల సంగతి. బ్రేకు సంగతి ఎవరడగాలి?

మిత్రులారా! పాత ఫోర్‌వీల్ డ్రైవు బండ్లను బాగుచేసి, మార్చి, రోడ్డు లేని చోట్ల తోలే సరదా ఇప్పుడు హైదరాబాదు కాలనీలకే పరిమితమైన ముచ్చట కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు కూడా మిలిటరీ రంగు వేసిన పాత జీపులు, జిప్సీలు కనిపిస్తున్నాయి. ఈ సరదాను తిట్టడానికి నేను కలం పట్టలేదు. పాత ఇనుముకు ప్రాణం పోయడం గొప్ప విద్య. నేను చెప్పదలచింది ఒకటే. బండిని మార్చడం తప్పు కాదు, లెక్క లేకుండా మార్చడం తప్పు. లెక్క సరిగ్గా చేసినవాడికి కూడా దాన్ని చూపించుకునే చోటు లేకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

జీపు పుట్టుకలోనే మార్పు ఉంది

రెండో ప్రపంచ యుద్ధంలో, 1941-45 మధ్య, అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. యుద్ధం ముగిసింది గాని జీపు ముగియలేదు. 1945లో లుధియానాలో మొదలై 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకున్న కంపెనీ, 1947లోనే విడిభాగాలు తెప్పించి మన దేశంలో జీపులు బిగించడం మొదలుపెట్టింది. మన తాతల కాలానికి జీపంటే సర్కారు. తాసీల్దారు వచ్చినా జీపే, పోలీసులొచ్చినా జీపే, ఓట్ల మైకు వచ్చినా జీపే. ఊరి పొలిమేరలో దుమ్ము లేస్తే పిల్లలు "జీపొచ్చింది, జీపొచ్చింది" అని ఉరికేవారట. మన తండ్రుల కాలానికి అదే జీపు కమాండరు పేరుతో పల్లె జనాన్ని మోసింది. లోపల పదిమంది, వెనక వేలాడుతూ ఇంకో నలుగురు! సంతకు, పెళ్ళికి, ఆసుపత్రికి అదే గతి.

ఆనాటి జీపుకు పెట్రోలు ఇంజను. మైలేజీ తక్కువ, పెట్రోలు ధర ఎక్కువ. అందుకని దేశమంతటా మెకానిక్కులు అందులోంచి పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టడం నేర్చుకున్నారు. గమ్మత్తేమిటంటే కంపెనీ కూడా అదే పని చేసింది. 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టరుతో కలిసి ట్రాక్టర్ల తయారీకి దిగిన మహీంద్రా, ఆ ట్రాక్టరు ఇంజనునుంచి వచ్చిన డీజిలు ఇంజనును జీపులో పెట్టి అమ్మింది. తర్వాత ఫ్రాన్సు వారి ప్యూజో డీజిలు ఇంజను తెచ్చి ఎం.ఎం. 540 వంటి జీపుల్లో పెట్టింది. కంపెనీ చేసిందీ ఇంజను మార్పిడే, మన మెకానిక్కు చేసిందీ ఇంజను మార్పిడే. తేడా ఒక్కటే. కంపెనీ వాళ్ళు మార్చాక గేర్ల నిష్పత్తి చూశారు, బ్రేకు చూశారు, తోలి చూశారు, సర్కారుకు చూపించి ముద్ర వేయించుకున్నారు. మన మెకానిక్కు మార్చాక తాళంచెవి చేతిలో పెట్టి "జర నిమ్మళంగ తోలు" అన్నాడు. ఆ "నిమ్మళంగ" అన్న ఒక్క మాటే మన పరీక్ష, మన సర్టిఫికెట్!

హర్యానాలోని మండీ డబ్వాలీ పట్టణం ఇలా మార్చి కట్టిన ఓపెన్ జీపులకు దేశమంతటా పేరుపొందింది. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన సామానుతో అక్కడ ఆ పరిశ్రమే పుట్టింది. మన తెలుగు నేల మీద చూడాలంటే బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి వెళ్ళే బాట చూడాలి. ఆ రాళ్ళ బాటలో యాత్రికుల్ని పాత జీపుల్లోనే ఎక్కించుకుపోతారు. వాళ్ళది సరదా కాదు, పొట్టకూటి పని. కనుక పాత జీపు డబ్బున్నవాళ్ళ ఆటబొమ్మ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. దాని మీద బతికేవాళ్ళున్నారు, దాన్ని నమ్మి ఎక్కేవాళ్ళున్నారు.

గుట్టెక్కించే గుట్టు

వరిమడిలో దిగబడ్డ ట్రాక్టరును చూసినవాడికి ఫోర్‌వీల్ డ్రైవు గురించి సగం తెలిసినట్టే. దిగబడ్డప్పుడు ఒక చక్రం గిర్రున తిరుగుతుంటుంది, గట్టి నేల మీదున్న రెండో చక్రం కదలకుండా ఉంటుంది. ఎందుకు? మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కాబట్టి రెండింటి మధ్య డిఫరెన్షియల్ అనే పళ్ళ అమరిక పెడతారు. రోడ్డు మీద అది వరం, బురదలో అదే శాపం. రెండు చక్రాలకూ లాగుడు బలం సమానంగానే పంచుతుంది గాని, జారే చక్రం ఎంత తక్కువ పట్టు చూపితే రెండోదానికీ అంతే దక్కుతుంది. అందుకే మా నాయన ట్రాక్టరు మీద మడమతో డిఫరెన్షియల్ లాకు తొక్కుతాడు. రెండు చక్రాలూ ఒకటై కదులుతాయి, బండి బయటపడుతుంది. మా నాయన భౌతికశాస్త్రం చదవలేదు. అయినా ఆ లాకు తీయకుండా మలుపు తిప్పితే ఏదో ఒకటి విరుగుతుందని ఆయనకు తెలుసు.

జీపులో దీనికి తోడు ట్రాన్స్‌ఫర్ కేసు అనే రెండో గేరుపెట్టె ఉంటుంది. అది ముందు ఇరుసుకు కూడా శక్తినిస్తుంది, 'లో' గేరులో వేగం తగ్గించి బలం పెంచుతుంది. పాత సి.జె. 3బి జీపు లెక్క చూద్దాం. మొదటి గేరు సుమారు 2.8, ట్రాన్స్‌ఫర్ కేసు 'లో' సుమారు 2.46, ఇరుసు 5.38. మూడూ గుణిస్తే 37. అంటే ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరుగుతున్నప్పుడు, 28 అంగుళాల టైరుతో బండి వేగం గంటకు మూడున్నర కిలోమీటర్లు చిల్లర. ముసలివాళ్ళ నడక! ఆ నడకే గుట్టెక్కిస్తుంది. గుట్టెక్కడానికి కావలసింది ఉరుకు కాదు, ఓపిక.

మన దగ్గర దొరికే పాత జీపుల్లో చాలావాటికి ముందు చక్రాలు ఉత్తగా దొర్లేవే. రోడ్డు మీద జనాన్ని మోసే బండికి ముందు లాగుడు ఎందుకని కంపెనీ పెట్టలేదు. అలాంటిదాన్ని ఫోర్‌వీల్ డ్రైవుగా మార్చాలంటే వేలంలోనో పాత ఇనుం దుకాణంలోనో ముందు ఇరుసు, ట్రాన్స్‌ఫర్ కేసు వెతికి తేవాలి. అసలు చిక్కు ఇక్కడే. దొరికిన ముందు ఇరుసులో పళ్ళ నిష్పత్తి 5.38 ఉండి, వెనక ఇరుసులో 4.88 ఉందనుకోండి. నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చినప్పుడు రెండు ఇరుసులూ వేరు వేరు వేగాలతో తిరగబోతాయి. కాడికి ఒక పక్క ఉడుకు కోడెను, ఇంకో పక్క ముసలెద్దును కట్టినట్టు! బురదలో చక్రం జారి సరిపెట్టుకుంటుంది. గట్టి నేల మీద జారదు. ఆ పోరంతా షాఫ్టుల మీద, పళ్ళ మీద పడి చివరికి ఏదో ఒకటి టప్పున విరుగుతుంది. విరిగేది ఎక్కడ? బరువు పడేచోట, అంటే గుట్ట వాలు మీదనే.

ఈ నిష్పత్తి తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. డిఫరెన్షియల్ మూత విప్పి క్రౌను చక్రం పళ్ళు, పినియను పళ్ళు లెక్కపెట్టి భాగిస్తే చాలు. 43 పళ్ళు, 8 పళ్ళు ఉంటే 5.38. మూడో తరగతి భాగాహారం! ఆ పది నిమిషాల లెక్క ఎగ్గొట్టి వేలకు వేలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ప్రతి మార్పూ ఒక అప్పే

రైతింట్లో పుట్టినవాడికి అప్పు సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. తెచ్చేటప్పుడు తియ్యగా ఉంటుంది, కట్టేటప్పుడు తెలుస్తుంది. బండిలో చేసే ప్రతి మార్పూ అలాంటిదే. ఒకచోట తెచ్చుకున్న లాభానికి ఇంకోచోట వడ్డీ కట్టాలి.

పెద్ద టైర్ల సంగతి తీసుకోండి. 28 అంగుళాల టైరు తీసి 32 అంగుళాలది వేస్తే ఇరుసు కింద రెండు అంగుళాల జాగా పెరుగుతుంది, రాయి తగలదు. బాగానే ఉంది. కాని అదే ఇంజను, అదే గేరు మీద నేలను నెట్టే బలం ఎనిమిదింట ఒక వంతు తగ్గింది. బ్రేకు డ్రమ్ము పాతదే గనుక అంతే గట్టిగా తొక్కినా ఆపే బలం కూడా ఎనిమిదింట ఒక వంతు తగ్గింది. మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 68 దాటి పోతోంది. అంటే వేగం పెరిగిందని తెలియదు, ఆగే శక్తి తగ్గిందనీ తెలియదు. తెలియని అప్పు కంటే ప్రమాదమైన అప్పు ఏముంటుంది?

ఎత్తు పెంచడం ఇంకో సరదా. కమాను పట్టీలు మార్చి, షాకిళ్ళు పొడుగు చేసి బండిని ఐదారు అంగుళాలు లేపుతారు. చూడ్డానికి ఏనుగులా ఉంటుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 50 అంగుళాలు, బరువు కేంద్రం నేలనుంచి 25 అంగుళాల ఎత్తులో ఉన్న బండిని ఊహించండి. కాగితం మీద లెక్క ప్రకారం అది పక్కకు 45 డిగ్రీలు ఒరిగేదాకా బోల్తా పడదు. బరువు కేంద్రం ఐదు అంగుళాలు పైకి పోతే ఆ హద్దు 40 డిగ్రీలకు దిగుతుంది. ఐదు డిగ్రీలే కదా అనకండి. ఇది బండి నిలబడి ఉన్నప్పటి లెక్క. కదులుతున్నప్పుడు కమాన్లు ఒక పక్కకు అణుగుతాయి, చక్రం రాయెక్కుతుంది, పైన కూర్చున్నవాళ్ళు ఊగుతారు, మలుపులో బండి బయటికి తోస్తుంది. అన్నీ ఆ మిగిలిన డిగ్రీలను తినేస్తాయి. పైగా ఎత్తు పెంచి స్టీరింగు రాడ్లను పాత కోణంలో సరిచేయకపోతే, గుంతలో పడ్డ ప్రతిసారీ చక్రం దానంతటదే పక్కకు తిరుగుతుంది.

నెమ్మదైన డీజిలు ఇంజను పెట్టినప్పుడు కూడా అంతే. నిమిషానికి 2000 చుట్లకు మించి తిరగని ఇంజనును 5.38 ఇరుసున్న జీపులో పెడితే, టాపు గేరులో, 28 అంగుళాల టైరుతో గంటకు 50 కిలోమీటర్లు దాటదు. హైదరాబాదు-విజయవాడ హైవే మీద లారీలు వెనక హారన్లు కొడుతుంటే, తోలేవాడు ఇంకా తొక్కుతాడు, ఇంజను ఇంకా అరుస్తుంది. తప్పు ఇంజనుది కాదు, జత కలపడం తెలియనివాడిది.

మరి ఖర్చులేని మార్పు ఏదైనా ఉందా అంటే, ఉంది. టైర్లో గాలి కొంత తగ్గించి తోలడం. ఇసుకలో, మెత్తటి నేలలో టైరు పరుచుకుని ఎక్కువ చోటు పట్టుకుంటుంది, దిగబడదు. మళ్ళీ రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి, అంతే. చిన్న పంపు చేసే పనికి కొందరు లక్షలు పోసి టైర్లు కొంటున్నారు! అసలు బండికంటే ముందు మార్చుకోవలసింది తోలే పద్ధతి అని ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు ఎవరైనా చెబుతారు.

ఇదంతా కాగితం చదువు అని నవ్వేవాళ్ళుంటారు. సూర్యాపేటలో ఒక పెద్ద మెకానిక్కును, అన్నా, బరువు లెక్క ఎట్ల చూస్తవని అడిగితే "చెయ్యికి తెలుస్తది తమ్మీ, ముప్పై ఏండ్ల సంది ఇదే పని" అన్నాడు. ఆ మాటను నేను కొట్టిపారేయను. చెయ్యికి నిజంగానే తెలుస్తుంది. బేరింగు అరిగిన చప్పుడు మన ప్రయోగశాలలో ఏ పరికరం కంటే ముందు ఆయన చెవి పడుతుంది. కాని ఆయన చెయ్యికి తెలిసింది ఆయన శిష్యుడి చెయ్యికి తెలియడానికి ఇంకో ముప్పై ఏళ్ళు కావాలి. లెక్క రాసిపెడితే మూడు రోజులు చాలు. చదువుకు విలువ ఇక్కడే ఉంది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షను ఈ సంగతే చెబుతుంది. కంపెనీ తయారు చేసినప్పటి వివరాలకు భిన్నంగా, రిజిస్ట్రేషను కాగితంలో ఉన్నదానికి వేరుగా బండిని మార్చరాదు. అనుమతి తీసుకుని ఇంజను మార్చుకోవచ్చు, ఆమోదం పొందిన కిట్టుతో గ్యాసుకు మార్చుకోవచ్చు. దివ్యాంగుల కోసం బండిని అనువుగా మార్చుకోవడానికీ దారి ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళనుంచి వచ్చిన ఒక కేసులో ఈ సెక్షనును గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలలదాకా జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని రాశారు.

కోర్టును గాని, చట్టాన్ని గాని తప్పుపట్టలేం. రోడ్డు అందరిదీ. బ్రేకు లేని బండి ఎదురుగా వచ్చేవాడికి కూడా చావే. కాని ఒక విచిత్రం చూడండి. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజి బండ్లకు నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం పెద్దగా చెడని బండిని ప్రత్యేకంగా రిజిస్టరు చేయించుకుని ప్రదర్శనకో, ర్యాలీకో తీసుకుపోవచ్చు. మంచిదే. ఇంట్లో పూజ గదిలో పెట్టినట్టు ముసలి బండికి గౌరవం దొరికింది. కాని అదే బండిని తెలివిగా, లెక్కగా, మొదటికంటే మంచి బ్రేకులు పెట్టి బాగుచేసినవాడికి ఎక్కడ చోటు? వాడి బండినీ, చాసిస్‌ను అడ్డదిడ్డంగా కోసినవాడి బండినీ చట్టం ఒకే గాటన కడుతోంది. ఫలితమేమిటి? ఇద్దరూ దొంగచాటుగానే తిరుగుతారు. మంచివాడు బాగా చేసినందుకు లాభం లేదు, చెడ్డవాడు చెడగొట్టినందుకు అదనపు నష్టం లేదు. పరీక్షే లేని కాలేజీలో చదివేవాడూ చదవనివాడూ ఒకటే కాదా!

ఇతర దేశాలు ఈ ముడి ఎలా విప్పాయి? జర్మనీలో బండికి చేసిన మార్పును గుర్తింపు పొందిన నిపుణుడికి చూపిస్తే, సరిగ్గా ఉంటే కాగితాల్లో ఎక్కిస్తారు. ఆస్ట్రేలియాలో బండ్ల మార్పులకు జాతీయ నియమావళి ఒకటి ఉంది. ఏ మార్పును ఎంతవరకు చేయవచ్చో, దేనికి గుర్తింపు పొందిన ఇంజనీరు సంతకం కావాలో అందులో రాసి ఉంటుంది. బ్రిటనులో సొంతంగా కట్టిన ఒక్క బండిని కూడా ఒక్కటిగానే పరీక్షించే పద్ధతి ఉంది. అక్కడ మనుషులు మనకంటే తెలివైనవాళ్ళని కాదు. మార్పును ఆపలేమని ఒప్పుకుని, దాన్ని వెలుగులోకి తెచ్చారు. మనకు పూణేలో 1966లో స్థాపించిన ఆటోమోటివ్ రీసెర్చి అసోసియేషన్ ఉంది. కంపెనీల బండ్లను పరీక్షించే విద్య మనకు తెలుసు. కాని చివ్వెంలనుంచి ఒక మెకానిక్కు తన ఒక్క బండిని పట్టుకుని పూణే పోతాడా? పరీక్ష జిల్లాకు రావాలి.

అప్పుడు అక్కడా లంచమిచ్చి ముద్ర వేయించుకుంటారు కదా అని అడుగుతారు. వేయించుకుంటారు, పరీక్ష తలుపులు మూసి జరిగితే. బ్రేకు పరీక్షకు తలుపులెందుకు? గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే మంచి బండి పది, పదకొండు మీటర్లలో ఆగుతుంది. బ్రేకు బలం సగమైతే ఇరవై మీటర్లు దాటుతుంది. ఒక సుద్దముక్క, ఒక టేపు, చుట్టూ పదిమంది ఉంటే చాలు. పదిమంది చూసిన దూరాన్ని ఏ గుమాస్తా మార్చగలడు?

దారి ఎవరిది?

బండికే కాదు, బాటకూ లెక్క ఉంది. మా చివ్వెంల మండలంలోనే దురాజ్‌పల్లి పెద్దగట్టు ఉంది. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతరకు లక్షల మంది వస్తారు. ఉండ్రుగొండ మీద పాత కోట, నరసింహస్వామి గుడి, చుట్టూ అడవి ఉన్నాయి. పట్నంనుంచి జీపేసుకుని వచ్చేవాడికి ఈ గుట్టలు, వాటి కింది బీళ్ళు ఖాళీ స్థలంలా కనిపిస్తాయి. ఏ నేలా ఖాళీ కాదు! ఆ బీడు గొర్లకాపరి బతుకు. ఆ చెరువు కట్ట కింద వంద ఎకరాల వరి. వాన తడికి మెత్తబడిన కట్ట మీద బరువైన టైరు చేసిన గాడిలో తర్వాతి వాన నీళ్ళు నిలుస్తాయి, గాడి కోత అవుతుంది, కోత గండి అవుతుంది. జీపువాడు ఫోటో తీసుకుని పోతాడు. రైతు తట్ట పార పట్టుకుని పోతాడు.

కాలువ కట్టల మీద బండి అదుపు తప్పితే ఏమవుతుందో మన ప్రాంతానికి వేరే చెప్పాలా? 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలంలో మిరప కోతకు కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది ఆడకూతుళ్ళు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి జిల్లా వలిగొండ మండలంలో మూసీ కాలువలో ట్రాక్టరు ట్రాలీ పడి పదిహేను మంది పోయారు. అవి సరదా బండ్లు కావు, మార్చిన జీపులూ కావు. కాని వాలు, బరువు, బురద, నీళ్ళు, ఇవి ఎవరి బండికైనా ఒకే సూత్రంతో పనిచేస్తాయి. కూలికి పోయి చచ్చినవాళ్ళను చూసిన నేల మీద, ఆటకు పోయి చావడం ఎంత అన్యాయం!

కాబట్టి బండ్ల సరదా ఉన్న మిత్రులకు నా విన్నపం. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోకండి, అది నేరం. పంట ఉన్న చెలక అంచున, చెరువు కట్ట మీద, గుడి మెట్ల దాపున తోలకండి. పడావుగా ఉన్న పట్టా భూమి కావాలంటే రైతును అడగండి, కౌలు ఇవ్వండి. ఏడాదికి నాలుగు ఆదివారాలకు వచ్చే ఆ డబ్బుతో అతను విత్తనాలు కొనుక్కుంటాడు. బండి దిగబడితే అతని ట్రాక్టరే మిమ్మల్ని లాగాలి, అది గుర్తుంచుకోండి. లాగేటప్పుడు మాత్రం గొలుసు దగ్గర ఎవరినీ నిలబడనీయకండి. తెగిన గొలుసు తూటాకు తీసిపోదు.

మనం చేయగలిగింది

"చట్టం మార్చడం ఢిల్లీ పని, మనమేం చేస్తాం?" అని చేతులు దులుపుకోవడం మన విద్యార్థులకు అలవాటైపోయింది. నేను చెప్పేది ఢిల్లీ పని కాదు, మన ఊరి వే బ్రిడ్జి పని.

బండి బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉందో కనుక్కోవడం డిగ్రీ విద్యార్థి చేయగల ప్రయోగం. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులున్నాయి, వాటి దగ్గర లారీలు తూచే కాంటాలున్నాయి. ముందు జీపు మొత్తం తూచాలి. తర్వాత వెనక చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచి తూచాలి. కమాన్లు అణగకుండా చెక్కలు బిగించి, ముందు చక్రాలను కొలిచిన ఎత్తుకు లేపి మళ్ళీ వెనక చక్రాలు తూచాలి. బరువు వెనక్కి ఎంత జరిగిందో చూస్తే కేంద్రం ఎత్తు తెలుస్తుంది. ఉదాహరణకు 1200 కిలోల జీపు, ముందు వెనక ఇరుసుల మధ్య 2.03 మీటర్లు, ముందు భాగాన్ని 50 సెంటీమీటర్లు లేపితే వెనక 40 కిలోలు పెరిగిందనుకుందాం. లెక్క కడితే కేంద్రం ఇరుసు మట్టానికి 27 సెంటీమీటర్లు పైన, అంటే 28 అంగుళాల టైరుతో నేలనుంచి 62 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నట్టు. లారీ కాంటాకు ఐదు పది కిలోల తేడా పట్టదు గనుక, ఎత్తు మార్చి మార్చి నాలుగైదు సార్లు తూచి సగటు తీయాలి. మన రికార్డు పుస్తకాల్లో ఎవరో రాసిన రీడింగులు ఎక్కించుకోవడం కంటే ఇది మంచి ప్రాక్టికల్ కాదా?

విద్యార్థి సంఘం తలుచుకుంటే ఏడాదికొక ఆదివారం ఇలాంటి శిబిరం పెట్టవచ్చు. జీపులున్నవాళ్ళు తీసుకువస్తారు. మెకానిక్కులు వస్తారు, ఐటీఐ పిల్లలు వస్తారు, మన భౌతికశాస్త్రం లెక్చరర్లు వస్తారు. మూసి ఉన్న మైదానంలో బ్రేకు దూరం కొలుస్తాం, ఇరుసుల పళ్ళు లెక్కపెడతాం, బరువు కేంద్రం చూస్తాం, వెల్డింగులో బీటలు వెతుకుతాం. చివర్లో బండి యజమానికి ఒక కాగితం ఇస్తాం. ఆ కాగితానికి చట్టంలో విలువ ఉండదు, ఆ మాట ముందే చెబుతాం. దాన్ని చూపి రోడ్డెక్కమని చెప్పం. కాని తన బండి ఎన్ని డిగ్రీల వాలుకు బోల్తా పడుతుందో మొదటిసారి అతనికి తెలుస్తుంది. అదే కాగితం మెకానిక్కుకు బడి అవుతుంది. అలాంటి కాగితాలు కొన్ని వందలు పోగైతే, అప్పుడు రవాణా శాఖ ముందు పెట్టి "చూడండి సార్, జిల్లాలో ఈ పరీక్ష పెట్టవచ్చు, పెట్టడానికి ఇంత చాలు" అని అడగగలం. ఉత్త చేతులతో పోయి అడిగితే అర్జీ, లెక్కతో పోయి అడిగితే వాదన.

ఇందులో మన స్వార్థం కూడా ఉంది. హైవే పట్టణాల్లో షెడ్ల కింద పనిచేసే మెకానిక్కుల విద్య ఏ సిలబసులోనూ లేదు. వాళ్ళు పోతే ఆ విద్యా పోతుంది. మనకు సూత్రం వచ్చు, స్పానరు పట్టుకోవడం రాదు. వాళ్ళకు స్పానరు వచ్చు, సూత్రం రాదు. ఈ రెండూ ఒక్క జీపు కింద కలిసినా చాలు, డిగ్రీ చేతిలో పట్టుకుని పట్నం బస్సు ఎక్కేవాళ్ళలో కొందరికైనా ఊళ్ళోనే పని దొరుకుతుంది.

మార్చే చేతుల్ని కట్టేయకండి, వాటికి కొలబద్ద ఇవ్వండి. ఇదే నా మాట. మనలో ఎవరింటి ముందైనా మార్చిన పాత జీపు ఉంటే, దానికి రంగు వేయించే ముందు మూత విప్పి ఇరుసు పళ్ళు లెక్కపెట్టండి. గుట్టెక్కే ముందు చదును నేల మీద బ్రేకు దూరం కొలవండి. ఆ రెండు అంకెలు చెప్పలేనివాడు నడిపే బండి ఎంత అందంగా ఉన్నా, దాంట్లో మీ తమ్ముణ్ణి ఎక్కనీయకండి.